సముద్రం చూడ్డానికి సాకు కావాలా?

మా చెల్లెలి కూతురు ఇంగ్లండులో చదువుకుంటోంది. మొన్న సెలవుల్లో స్నేహితురాళ్ళతో కలిసి దక్షిణ తీరాన ఛార్మత్ అనే చిన్న పల్లెకి వెళ్ళింది. వాళ్ళు దిగిన గదిలో బల్ల మీద ఉన్న కాగితాన్ని ఫోటో తీసి నాకు పంపింది. మా ఊరొస్తే చేయవలసిన పనులు అని దాని పేరు. కొండ అంచు వెంబడి నడవండి. ఆటుపోట్ల వేళ చూసుకుని ఒడ్డున రాళ్ళలో శిలాజాలు వెతుక్కోండి. వేయించిన చేప తినండి. టీ తాగండి. పక్కనున్న లైమ్ రీజిస్ దాకా వెళ్ళి రండి. అన్నిటికన్నా చివర, బెంచీ మీద కూర్చుని సముద్రం చూడండి.

"చూశావా పెద్దమ్మా, ఇక్కడ ఊరికే కూర్చోవడం కూడా ఒక పనే" అని కింద రాసింది.

నవ్వొచ్చింది. కాసేపటికి ఆ నవ్వు పోయింది. నాకిప్పుడు యాభై ఎనిమిదేళ్ళు. అప్పటికి నాలుగుసార్లు సముద్రం చూశాను. ఒకసారి మొక్కు, ఒకసారి కార్తీక స్నానం, ఒకసారి బడిపిల్లల విహారయాత్రకి కాపలా, ఒకసారి బంధువుల పెళ్ళికి వెళ్ళి దారిలో. నాలుగుసార్లూ ఏదో ఒక పని మీదే. సముద్రం చూద్దామని సముద్రం దగ్గరికి ఒక్కసారీ వెళ్ళలేదు. నేనే కాదు, నాతో పనిచేసిన టీచర్లలో, మా వీధి ఆడవాళ్ళలో అలా వెళ్ళినవాళ్ళు ఎవరున్నారని వేళ్ళు మడిచి లెక్కపెట్టబోతే ఒక్క వేలు కూడా మడవలేకపోయాను.

మా పల్నాడుకి సముద్రం లేదు. నాపరాళ్ళు, మిరపచేలు, పత్తిచేలు, సున్నపుబట్టీలు మావి. మాచర్ల, గురజాల పక్క పల్లెల్లో పుట్టిన ఆడపిల్లకి సముద్రమంటే సాంఘికశాస్త్రం పుస్తకంలో పటానికి ఒక పక్కన వేసిన నీలం రంగు. ఒకప్పుడు కాగితం మీద మాకూ సముద్రం ఉండేది. నరసరావుపేటా, బాపట్ల దగ్గరి సూర్యలంకా రెండూ గుంటూరు జిల్లాలోనే ఉండేవి. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చాక పల్నాడు ఒక జిల్లా అయింది, తీరమంతా బాపట్ల జిల్లాలోకి పోయింది. 'మన జిల్లాకి సముద్రం లేకుండా పోయిందే' అని మా బడి స్టాఫ్ రూములో మగ టీచర్లు తెగ బాధపడ్డారు. ఉన్నప్పుడు మాత్రం అది మాదైందా? జిల్లా పటం గీసినవాళ్ళు మా నుంచి తీసేసిన సముద్రం ఎన్నడూ మా చేతికి వచ్చింది కాదు.

దూరం అనుకుందామా అంటే అదీ కాదు. పిడుగురాళ్ళలో మొదలైన రోడ్డు నరసరావుపేట, చిలకలూరిపేట, పర్చూరు, చీరాల మీదుగా తిన్నగా వాడరేవు ఇసుకలోకి దిగుతుంది. ఇప్పుడది జాతీయ రహదారి కూడాను. నరసరావుపేట నుంచి రెండు గంటల ప్రయాణం. ఆదివారం పొద్దున్నే కుర్రాళ్ళు మోటారు సైకిళ్ళ మీద బయల్దేరతారు. మునుగుతారు, తింటారు, తాగుతారు, చీకటి పడ్డాక ఇసుక చెప్పులతో ఇల్లు చేరతారు. 'ఎందుకు పోయావురా' అని అడిగేవాళ్ళుండరు. ఆ చెప్పుల ఇసుక ఊడ్చే తల్లి, అదే రోడ్డు పక్కన నలభై ఏళ్ళుగా కాపురం చేస్తూ, ఆ రోడ్డు చివర ఏముందో చూసి ఉండదు.

మా అమ్మ అలాగే చూడకుండా పోయింది. ఆమె చూసిన సముద్రం నాగార్జునసాగరే. 1955 డిసెంబరు 10న పునాదిరాయి పడిన ఆ ఆనకట్టకి రాళ్ళు, సున్నం మోసినవాళ్ళలో ఆడకూలీలు లెక్కలేనంతమంది. మా అమ్మమ్మగారి ఊరి నుంచి కూడా వెళ్ళారు. నీళ్ళు నిండాక అమ్మ ఒకసారి వెళ్ళి చూసొచ్చింది. "సముద్రం ఇంతకన్నా పెద్దగా ఉంటదా?" అని అడిగేది. అవతలి గట్టు కనపడదమ్మా అంటే నమ్మేది కాదు. "గట్టు లేని నీళ్ళేందే, చోద్యం కాకపోతే" అనేది. తీసుకెళ్తానని పదేళ్ళు చెప్పాను. నా పరీక్ష పేపర్లు, పిల్లల జ్వరాలు, అత్తగారి మంచం, ఏదో ఒకటి అడ్డం వచ్చేది. నిజానికి అడ్డం వచ్చింది అవి కాదు. ఎవరన్నా 'ఎందుకు' అని అడిగితే చెప్పడానికి నా దగ్గర ఏ సాకూ లేకపోవడం అడ్డం వచ్చింది. ఆసుపత్రి అయితే వెళ్ళేవాళ్ళం, గుడి అయితే వెళ్ళేవాళ్ళం. సముద్రం చూపించడం ఆ రెండింట్లో దేని కిందకీ రాలేదు.

'ఆడవాళ్ళు వెళ్ళకపోవడమేంటి, కార్తీక పౌర్ణమికి తీరమంతా ఆడవాళ్ళే కదా' అంటారు. అవును. ఆ ఒక్క రోజూ మాకు అనుమతి ఉంది. ఆ అనుమతి ఎలా ఉంటుందో చెప్తాను.

పౌర్ణమి తేదీ తెలియగానే ముందు చూసుకునేది క్యాలెండరు కాదు, ఒంటి లెక్క. ఆ తేదీకి నెలసరి వచ్చేలా ఉంటే మందుల షాపుకి మనిషిని పంపి, వాయిదా వేసే బిళ్ళలు తెప్పించుకుంటారు. డాక్టరుని అడిగేవాళ్ళు తక్కువ. వాంతులూ తలనొప్పులూ పుణ్యం ఖాతాలో రాసుకుంటాం. అర్ధరాత్రి లేచి ఇరవై మందికి పులిహోర, పెరుగన్నం కడతాం. వ్యాను ఎక్కే ముందు రాత్రి నుంచే నీళ్ళు తాగడం మానేస్తాం, దారిలో ఎక్కడా ఆగే వీలుండదని. ఒడ్డుకి చేరాక సంకల్పం చెప్పుకుంటాం. అందులో ముందు భర్త పేరు, భర్త గోత్రం. అరటి దొప్పలో దీపం వదిలి మూడు మునకలు వేస్తాం. అక్కడితో సముద్రంతో మా పని అయిపోయింది.

అసలు బాధ తర్వాత మొదలవుతుంది. ఒకసారి మేం దిగిన తీరంలో బట్టలు మార్చుకునే గది ముందు వందమంది వరస. పక్కనున్న మరుగుదొడ్డికి నీళ్ళు లేవు. నలుగురు చీరలు అడ్డం పట్టుకుంటే ఆ నాలుగు గోడల మధ్య ఒక్కొక్కరం తడిబట్టలు విడిచాం. గాలికి ఆ గోడలు ఎగిరిపోతుంటాయి. కొంచెం దూరంలో కుర్రాళ్ళు ఫోన్లు పైకెత్తి సూర్యోదయం తీస్తున్నారు. సూర్యుడు వాళ్ళకి వెనకవైపు ఉన్నాడు. మాలో ఒకావిడ గట్టిగా అరిచింది. వ్యానులో తిరిగొస్తూ ఆమె భర్త ఆ కుర్రాళ్ళని ఒక్క మాట అనలేదు. "అందుకే ఆడవాళ్ళని ఇలాంటి చోట్లకి తీసుకురాకూడదు" అన్నాడు. 'తీసుకురావడం' అన్న మాట చూడండి. మేం వెళ్ళం. మమ్మల్ని తీసుకొస్తారు, తీసుకెళ్తారు.

ఇదంతా మన దేశపు వెనకబాటుతనం, ఇంగ్లండులో ఆడవాళ్ళు హాయిగా బెంచీ మీద కూర్చుంటారు అని సరిపెట్టుకుందామంటే చరిత్ర ఒప్పుకోదు. ఆ బెంచీ దాకా రావడానికి వాళ్ళకీ చాలా కాలం పట్టింది, వాళ్ళకీ సాకు కావలసి వచ్చింది. ఇక్కడ పుణ్యం, అక్కడ రోగం. 1750లో రిచర్డ్ రస్సెల్ అనే వైద్యుడు సముద్రపు నీరు గ్రంథుల జబ్బులకి మందని పుస్తకం రాశాడు. బ్రైటన్ అనే చేపల పల్లె దాంతో పెద్ద విహారస్థలంగా మారింది. ఉన్నింటి స్త్రీలు డాక్టరు చీటీతో సముద్రానికి వచ్చేవారు. వాళ్ళని చక్రాల మీద కట్టిన చెక్క గదుల్లో కూర్చోబెట్టి, గుర్రాలతో నీళ్ళలోకి లాగించేవారు. బట్టలు మార్చుకోవడం లోపలే. నీళ్ళకి గౌను పైకి తేలకుండా అంచుల్లో సీసపు గుండ్లు కుట్టుకునేవారు. ఒంటి మీద బరువు కట్టుకుని సముద్రంలో దిగడమంటే ఏమిటో తడిసిన ఆరుగజాల చీర కట్టుకున్నవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. ఆడవాళ్ళూ మగవాళ్ళూ వేరువేరు చోట్ల స్నానం చేయాలన్న నియమాలు పందొమ్మిదో శతాబ్దం చివరిదాకా అక్కడ నడిచాయి.

ఆ ఉన్నింటి స్త్రీలని పట్టుకుని నీళ్ళలో ముంచి లేపిందెవరు? బీద స్త్రీలు. బ్రైటన్‌లో మార్తా గన్ అనే చేపలవాళ్ళ ఇంటి స్త్రీ ఆ పనికి పేరుపడింది. 1815లో చనిపోయేదాకా ఆమె పేరు ఊరంతా తెలుసు. ఒక స్త్రీకి సముద్రం మందు అయింది, ఇంకో స్త్రీకి అదే సముద్రం నడుంలోతు నీళ్ళలో రోజంతా నిలబడే కూలిపని అయింది. ఊరికే చూసే హక్కు ఇద్దరికీ లేదు.

మా అమ్మాయి వెళ్ళిన చోటే ఇంకో కథ ఉంది. శిలాజాలు వెతుక్కోండి అని ఆ కాగితంలో ఎంత సరదాగా రాశారు! ఛార్మత్‌కీ లైమ్ రీజిస్‌కీ మధ్య కొండచరియల్లో ఆ పనిని పొట్టకూటి కోసం చేసింది మేరీ ఆనింగ్. 1799లో పుట్టి 1847లో పోయింది. వడ్రంగి కూతురు. చరియలు విరిగిపడే చోట రాళ్ళు పగలగొట్టి, కోట్ల ఏళ్ళనాటి జలచరాల అస్థిపంజరాలు బయటికి తీసి, వచ్చిపోయే యాత్రికులకి అమ్మేది. వాటి గురించి వ్యాసాలు రాసి పేరు తెచ్చుకున్న పెద్దమనుషులు చాలాసార్లు ఆమె పేరు కూడా తలవలేదు. లండన్ భూగర్భశాస్త్ర సంఘం 1919 దాకా ఆడవాళ్ళకి సభ్యత్వమే ఇవ్వలేదు. లైమ్ రీజిస్‌లో ఆమె విగ్రహం పెట్టింది 2022లో. అదీ 'ఆమెకి విగ్రహం ఎందుకు లేదు' అని ఒక బడిపిల్ల అడిగిన తర్వాత. ఒక స్త్రీ బతుకుతెరువు రెండు వందల ఏళ్ళకి సెలవురోజు సరదా అయింది.

ఇంగ్లండు చూసి రాసిన తెలుగు స్త్రీ కూడా ఉంది, మనమే మరిచిపోయాం. పోతం జానకమ్మ రాఘవయ్య తన ఇంగ్లండు యాత్ర గురించి తెలుగులో రాసి, దాన్ని 'పిక్చర్స్ ఆఫ్ ఇంగ్లండ్' అన్న పేరుతో ఇంగ్లీషులోకి మార్చి 1876లో మద్రాసులో అచ్చువేయించింది. సముద్రం దాటితే కులం పోతుందనే రోజులు అవి. ఆమె దాటింది, చూసింది, రాసింది. నూటయాభై ఏళ్ళ తర్వాత మేం వాడరేవు దాకా వెళ్ళడానికి తిథి చూసుకుంటున్నాం.

వాడరేవుకి దగ్గర్లోనే మోటుపల్లి ఉంది. ఇప్పుడు చిన్న పల్లె. కాకతీయుల కాలంలో పెద్ద రేవు. గణపతిదేవుడు 1244లో అక్కడ వేయించిన అభయశాసనం గురించి బడిలో ఏటా చెప్పాను. తుపానుకి ఓడలు ఒడ్డుకి కొట్టుకొస్తే అంతకుముందు రాజులు సరుకంతా లాక్కునేవారు, ఇక మీదట న్యాయమైన సుంకం మాత్రమే తీసుకుంటాం అని వర్తకులకి ఇచ్చిన మాట అది. అతని తర్వాత రాజ్యమేలింది రుద్రమదేవి. ఈ రేవు గురించి మార్కో పోలో రాశాడు. వివేకం గల రాణి ఏలుతోందని మెచ్చుకున్నాడు. అయితే ఆమెని చనిపోయిన రాజుగారి భార్య అన్నాడు. భర్త మీది ప్రేమతో మళ్ళీ పెళ్ళి చేసుకోలేదని కూడా చేర్చాడు. ఆమె గణపతిదేవుడి కూతురు. సింహాసనం మీద ఆడమనిషి కనపడితే ఆ యాత్రికుడికి కారణం కావలసి వచ్చింది, ఒక భర్తని కల్పించి ఇచ్చాడు. రాణికే తప్పలేదు, మాకు ఎలా తప్పుతుంది?

ఇన్ని తెలిసి కూడా నేను కదల్లేదు. కదిలించింది ఒక సున్నా టిక్కెట్టు. 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్ళకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చింది. 'ఊళ్ళు తిరగడానికి అలవాటు చేస్తున్నారు' అని ఎగతాళి చేసినవాళ్ళని మీరూ విని ఉంటారు. ఆ ఎగతాళి నాకు నచ్చింది. అవును, తిరగాలి. ఆసుపత్రికీ కూలికీ కాలేజీకీ బస్సెక్కితే ఎవరికీ అభ్యంతరం లేదు. ఆడది పని లేకుండా బస్సెక్కితేనే ప్రభుత్వ ఖజానా గుర్తొస్తుంది.

మా వీధిలో ఎనిమిది మందిమి కూడాం. ఏ పండగా కాని ఒక మంగళవారం ఎంచుకున్నాం. పులిహోర కట్టకూడదని ముందే తీర్మానం చేసుకున్నాం. బయల్దేరేటప్పుడు ఎదురింటి పెద్దాయన "ఏందమ్మా, ఏదన్నా మొక్కా?" అన్నాడు. కాదండీ, సముద్రం చూడ్డానికి అన్నాను. "అంతేనా?" అన్నాడు. అంతే బాబాయిగారూ అన్నాను. ఆ రెండు మాటలు అనడానికి నాకు యాభై ఎనిమిదేళ్ళు పట్టింది.

వాడరేవులో మేం వెళ్ళేసరికి పడవలు వచ్చి ఉన్నాయి. ఒడ్డున వేలంపాట. వంజరాలు, చందువాలు పెద్ద వ్యాపారులు ఎత్తుకుపోయాక కానాగంతలు, చిన్న చేపలు ఆడవాళ్ళు గంపలకెత్తుతున్నారు. ఇంకొంచెం అవతల ఇసుక మీద నెత్తళ్ళు ఎండబోసి ఉన్నాయి. ఇక్కడ నా గురించి నేను దాచకుండా చెప్పాలి. మాలో ముగ్గురం ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకున్నాం. సముద్రం బాగా కనిపించే చోటు ఆ నెత్తళ్ళ పక్కనే ఉంది. ఫోటో కోసం, "కొంచెం ఈ చేపలు పక్కకి జరుపుతారా అమ్మా" అని నేనే అడిగాను. అవి తిరగేస్తున్న ఆమె నా వంక చూసింది. నా వయసే ఉంటుంది.

"మీ ఇంటికొచ్చి నేను మీ వడియాలు జరపమంటే జరుపుతారా?" అంది.

తల తీసేసినట్టయింది. ఆమె కోపంగా అనలేదు. మళ్ళీ తనే, "కూకోండి, ఆ పక్కన నీడ ఉంది" అంది. ఎక్కడి నుంచి వచ్చారని అడిగింది. నరసరావుపేట అని చెప్తే, సంతకి ఎండుచేపలు తీసుకుని అక్కడికి వస్తుంటానంది. గంప వాసనని బస్సులో వెనక్కి తోస్తారంది. టిక్కెట్టు లేకపోయినా గంపకి మాత్రం అడుగుతారంది. నీళ్ళు చూడ్డానికే ఇంత దూరం వచ్చామంటే ఆమెకి నవ్వాగలేదు. "రోజూ ఎదురుగానే ఉంటది. ఇట్టా కూకోని చూసే తీరిక మాకేదీ?" అంది.

మా అమ్మకీ ఈమెకీ మధ్య ఎంత దూరం? ఒకామె సముద్రానికి ఆమడల దూరంలో, ఒకామె పది అడుగుల దూరంలో. చూడనివ్వకుండా చేసింది మాత్రం ఒకటే. 2024 జాతీయ కాల వినియోగ సర్వే ప్రకారం ఇంటి పనికి ఆడవాళ్ళు రోజుకి 289 నిమిషాలు పెడుతుంటే మగవాళ్ళు 88 నిమిషాలు పెడుతున్నారు. మధ్యలో ఉన్న రెండు వందల నిమిషాలే మా సముద్రం. నరసరావుపేట నుంచి వెళ్ళి రావడానికి దాదాపు అంతే పడుతుంది.

చేపల పల్లె స్త్రీకి మీదుమిక్కిలి ఇంకో అన్యాయం ఉంది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. ఆ కాలానికి ఇచ్చే భృతిని 2025లో 10,000 నుంచి 20,000 రూపాయలకి పెంచారు. మంచిదే. అది పడవెక్కేవాడికి. చేప ఒడ్డుకి రాకపోతే గంప ఎత్తే ఆడమనిషికి కూడా ఆ రెండు నెలలు పని లేనట్టే కదా? ఆమె నష్టం ఏ లెక్కలోనూ లేదు. వేటంటే నీళ్ళ మీద జరిగేదేననీ, ఒడ్డు మీద ఏరడం, ఎండబెట్టడం, మోయడం, అమ్మడం వేట కాదనీ ఎవరు నిర్ణయించారు? విహారయాత్రల కరపత్రాల్లో ఆ పల్లె అంటే పడవల బొమ్మలు, వేపుళ్ళ రుచి. గంప కింద తల కనిపించదు. నెత్తళ్ళు జరపమన్న నేను ఆ కరపత్రం రాసినవాడికి అక్కనే.

పర్యాటకం పేరుతో తీరానికి డబ్బు వస్తోంది. రిసార్టులు, కాటేజీలు, బీచ్ ఉత్సవాలు వస్తున్నాయి. 2020లో విశాఖ రుషికొండకి 'బ్లూ ఫ్లాగ్' గుర్తింపు వచ్చినప్పుడు గొప్పగా చెప్పుకున్నాం. డెన్మార్క్‌లో ఉన్న ఒక సంస్థ ఇచ్చే ఆ జెండా కావాలంటే శుభ్రమైన మరుగుదొడ్లు ఉండాలి, ప్రాణరక్షకులు ఉండాలి. అంటే చేయాలనుకుంటే చేయగలరన్నమాట. డెన్మార్క్ వాళ్ళు అడిగితే కట్టిన మరుగుదొడ్డి, మాచర్ల ఆడది అడిగితే ఎందుకు కట్టరు?

ఈ మాట ఒక మీటింగులో అంటే ఉద్యమాల్లో పనిచేసే మిత్రుడొకాయన లేచాడు. "బొల్లాపల్లి, వెల్దుర్తిలో బిందెడు మంచినీళ్ళ కోసం ఆడవాళ్ళు మైళ్ళు నడుస్తుంటే మీరు సముద్ర విహారం గురించి మాట్లాడుతున్నారా? ఇది మధ్యతరగతి గొడవ" అన్నాడు. గౌరవంగానే జవాబు చెప్పాను. బిందెడు నీళ్ళూ కావాలి, సముద్రమంత నీళ్ళూ కావాలి. బిందె మోసే మనిషికి బిందె తప్ప ఇంకేం అవసరం లేదనుకోవడం కూడా ఆమెని మనిషి కింద లెక్కవేయకపోవడమే. కూలి పోరాటాల్లో ఎనిమిది గంటల పనితో పాటు ఎనిమిది గంటల విశ్రాంతి, మరో ఎనిమిది గంటలు సొంతానికి అని అడిగినప్పుడు అది మధ్యతరగతి గొడవ కాలేదు. ఇంటి పనికి అలాంటి గంట కొట్టమంటే మాత్రం విలాసం అయిందా? ముంబయి గురించి శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రానడే 2011లో 'వై లాయిటర్?' అనే పుస్తకం రాశారు. పని లేకుండా ఊరికే బయట ఉండే హక్కు ఆడవాళ్ళకి వస్తేనే ఊరు వాళ్ళది కూడా అవుతుందని వాళ్ళ వాదన. రక్షణ పేరుతో ఇంట్లో కూర్చోబెట్టడం రక్షణ కాదన్నారు. నరసరావుపేటకి ఆ మాట ముంబయికన్నా ఎక్కువ అవసరం.

రక్షణ గురించి కూడా మాట్లాడదాం, ఎందుకంటే చివరికి అందరూ అక్కడికే వస్తారు. సముద్రం ప్రమాదమే. ఏటా లోతట్టు ఊళ్ళ నుంచి వెళ్ళిన కుర్రాళ్ళు మునిగి చనిపోతున్నారు. దానికి కుర్రాళ్ళని ఇంట్లో పెట్టి తాళం వేయరు. ఆడపిల్లలకి మాత్రం తాళమే మందు. మా ఊళ్ళ పక్కనే సాగర్ కుడికాలువ పారుతుంది. నీళ్ళు వదలగానే మగపిల్లలందరూ వంతెన మీద నుంచి దూకి ఈత నేర్చుకుంటారు. ఆడపిల్లలు గట్టున బట్టలుతుకుతారు. ఈ తేడా ఎంత ఖరీదైందో 2004 డిసెంబరు 26న సునామీ చెప్పింది. తమిళనాడు కడలూరు జిల్లాలో చనిపోయినవాళ్ళలో మగవాళ్ళకన్నా ఆడవాళ్ళు రెండింతలకు పైగా ఉన్నారని ఆ మరుసటి ఏడాది ఆక్స్‌ఫామ్ రాసింది. కారణాలు కూడా రాసింది. ఈత రాదు, చెట్టెక్కడం రాదు, పిల్లల కోసం వెనక్కి పరిగెత్తారు, చేపల కోసం ఒడ్డున కాచుకుని ఉన్నారు. ఇందులో దేవుడు రాసిన రాత ఎక్కడుంది? 'ఆడపిల్లకి ఈత ఎందుకే' అన్న మాటే అక్కడ ఉంది.

అందుకని అడుగుతున్నాను. మా బళ్ళలో ఆడపిల్లలకి ఈత నేర్పండి, కాలువ పక్కనే ఉంది. తీరంలో ఏం కట్టినా ముందు నీళ్ళున్న మరుగుదొడ్డి, గడియ ఉన్న బట్టల గది కట్టండి, పండగ రోజులకే కాదు, మంగళవారానికి కూడా. ఫోన్ పైకెత్తినవాడిని పట్టుకోండి, చీర అడ్డం పట్టుకున్నవాళ్ళని ఇంటికి పొమ్మనకండి. గంపకి బస్సులో చోటివ్వండి. వేట నిషేధపు భృతిలో గంప ఎత్తేవాళ్ళని లెక్కవేయండి. ఆడవాళ్ళతో కూడా ఒక మాట. తిథి కోసం ఆగకండి, బిళ్ళలు మింగకండి, పులిహోర కట్టకండి. 'ఎందుకు' అని అడిగితే, ఊరికే అని చెప్పండి. మొదటిసారి నాలుక తడబడుతుంది. రెండోసారికి అలవాటవుతుంది.

ఆ రోజు సాయంత్రం దాకా కూర్చున్నాం. ఏమీ చేయలేదు. మునగలేదు, దీపం వదల్లేదు. నెత్తళ్ళు గోనెకెత్తడం అయ్యాక ఆమె కూడా వచ్చి మా పక్కన కాసేపు కూలబడింది. ఎవరం పెద్దగా మాట్లాడుకోలేదు. అవతలి గట్టు కనపడలేదు. మా అమ్మ ఉంటే నమ్మేది.

రాత్రి ఇంటికొచ్చాక మా అమ్మాయికి జవాబు రాశాను. "వాడరేవులో చేయవలసిన పనులు. ఒకటి, ఎండబెట్టిన చేపలు తొక్కకుండా నడవాలి. రెండు, ఎవరి చేపలో వాళ్ళని పలకరించాలి. మూడు, కూర్చోవాలి. నువ్వొచ్చినప్పుడు మనిద్దరం వెళ్దాం. ఎందుకని మీ అమ్మ అడుగుతుంది. జవాబు నేను చెప్తాలే."